ఐదుగురికి ఒకడు: బూత్ ఇంచార్జి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బహిరంగ లేఖ

అన్ని పార్టీల బూత్ ఇంచార్జులకు,

నేను రిటైరైన సోషల్ మాస్టార్ని. సర్వీసులో ఉండగా ఏడుసార్లు ఎలక్షన్ డ్యూటీ చేశాను, అందులో నాలుగుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా. మీ పేర్లు తెలియకపోయినా మొహాలు తెలుసు. పోలింగ్ రోజు పొద్దున్నే మాక్ పోల్ వేళకి ఏజెంట్లను వెంటబెట్టుకుని వచ్చేది మీరే. ముందు రెండు రాత్రులూ నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉంటాయి. ఎందుకు నిద్ర లేదో నేనెప్పుడూ అడగలేదు. మీరూ చెప్పలేదు.

నిరుడు ఆరు నెలలు అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాడుండేది ఇండియానా రాష్ట్రంలో. పగలంతా ఇంట్లో ఊసుపోక దగ్గర్లోని లైబ్రరీకి వెళ్లి ఆ రాష్ట్రం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. అక్కడ తగిలాడు విలియం వేడ్ డడ్లీ. 1888లో రిపబ్లికన్ పార్టీ జాతీయ కమిటీకి కోశాధికారి. ఆయన రాసిన ఒక ఉత్తరం చదివాక ముందుగా మీరే గుర్తొచ్చారు. మీరు చేస్తున్న పనికి నియామక పత్రం లాంటిదొకటి ఉందని, అది 130 ఏళ్లకు పైగా పాతదని నాకు అప్పుడే తెలిసింది. అందుకే ఈ లేఖ.

ముందు మనిషి గురించి చెప్పాలి. చెడ్డవాడని తేల్చేసి పక్కన పెట్టదగ్గ మనిషి కాడు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

డడ్లీ 1842లో వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలోనే ఇండియానా తూర్పు అంచున ఉన్న రిచ్‌మండ్ ఊరికి వచ్చి పిండిమర వ్యాపారంలో పడ్డాడు. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే 19వ ఇండియానా పటాలంలో చేరాడు. నల్ల టోపీలు పెట్టుకునే ఐరన్ బ్రిగేడ్‌లో ఒక భాగం ఈ పటాలం. 1863 జూలై 1న, గెటిస్‌బర్గ్ యుద్ధం మొదటి రోజున, ఆ పటాలంలో మూడింట రెండొంతుల మంది చనిపోవడమో, గాయపడడమో, శత్రువుకు చిక్కడమో జరిగింది. డడ్లీ కుడి కాలు పోయింది. అప్పటికే లెఫ్టినెంట్ కర్నల్. వయసు ఇరవై.

ఇరవై ఏళ్లకు మన పిల్లలు డిగ్రీ సప్లిమెంటరీ రాస్తుంటారు.

ఒంటి కాలితో ఊరికి తిరిగొచ్చిన వీరుడికి రాజకీయం దగ్గరవడానికి ఎంతసేపు పడుతుంది? వేన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు క్లర్కు అయ్యాడు. అక్కడ అది ఎన్నికైన పదవి. 1879లో ఇండియానాకు ఫెడరల్ మార్షల్, అంటే కేంద్ర కోర్టుల ఉత్తర్వులు అమలు చేసే అధికారి. 1881లో ఏకంగా దేశం మొత్తానికి పెన్షన్ల కమిషనర్. అప్పట్లో ఈ పెన్షన్ల శాఖను తక్కువ అంచనా వేయకూడదు. యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకు, చనిపోయినవాళ్ల భార్యలకు, పిల్లలకు డబ్బిచ్చే శాఖ. 1879లో పాత బకాయిలతో సహా చెల్లించాలని చట్టం రావడంతో దరఖాస్తులు వరదలా వచ్చిపడ్డాయి. ప్రతి దరఖాస్తు వెనకా ఓ ఇల్లు, ఆ ఇంట్లో ఓట్లు. 1884 ఎన్నికల్లో ఒహాయో, ఇండియానాల్లో ఆ శాఖ మనుషులనే పార్టీ పనికి తిప్పాడని ఆయన మీద గట్టి ఆరోపణలొచ్చాయి. ఆ ఏడే పదవి వదిలి వాషింగ్టన్‌లో లాయరుగా బోర్డు పెట్టాడు. పెన్షనుకూ ఓటుకూ ముడి ఎక్కడ పడుతుందో మీకు నేను పాఠం చెప్పనక్కర్లేదు.

ఇక ఇండియానా సంగతి. ఆ కాలంలో అమెరికాలో చాలా రాష్ట్రాలు ఎటు ఓటేస్తాయో ముందే తెలుసు. దక్షిణం డెమోక్రాట్లది, న్యూ ఇంగ్లండ్ రిపబ్లికన్లది. తేల్చేవి రెండు మూడు రాష్ట్రాలే. అందులో న్యూయార్క్ ఒకటి, ఇండియానా ఒకటి. కొన్ని వేల ఓట్లతో అటో ఇటో ఒరిగే రాష్ట్రం. అలాంటి చోటికి డబ్బు తనంతట తనే నడిచొస్తుంది. 1880లో రిపబ్లికన్ జాతీయ కమిటీ కార్యదర్శి స్టీఫెన్ డోర్సీ అక్కడ మకాం వేసి గెలిపించుకొచ్చాడు. గెలిచాక 1881 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో డెల్మోనికో హోటల్లో ఆయనకు సన్మాన విందు చేశారు. కాబోయే ఉపాధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ లేచి, ఇండియానా నిజానికి డెమోక్రాట్ల రాష్ట్రమనీ, పక్కా ఏర్పాట్లతో, ఇంకా బోలెడంత... అంటూ మాట మింగేశాడు. హాలంతా 'సబ్బు! సబ్బు!' అని అరిచి నవ్వారు. వాళ్ల భాషలో సబ్బంటే డబ్బు. పత్రికలవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి కరపత్రాలు బాగా పంచామని మాత్రమే చెబుతాను అన్నాడు ఆర్థర్. ఆ ఏడాది సెప్టెంబరులోనే ఆయన దేశాధ్యక్షుడయ్యాడు.

ఇది డడ్లీ కన్నా ముందు మాట. అంటే ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆయన చేసిందల్లా దానికో పద్ధతి రాయడం.

1888లో రిపబ్లికన్ల అభ్యర్థి బెంజమిన్ హారిసన్ ఇండియానా మనిషే. సొంత రాష్ట్రం పోతే పరువు ఏం కాను? జాతీయ కమిటీ అధ్యక్షుడు పెన్సిల్వేనియా సెనేటర్ మాథ్యూ క్వే. వ్యాపారుల దగ్గర చందాలు దండింది ఫిలడెల్ఫియాలో పెద్ద బట్టల దుకాణం నడిపే జాన్ వానమేకర్. ఆ సొమ్ముకు తాళంచెవి డడ్లీ దగ్గరుంది. అక్టోబరు 24న, పోలింగుకు రెండు వారాల ముందు, కమిటీ లెటర్‌హెడ్ మీద ఇండియానా కౌంటీల నాయకులకు ఉత్తరం వెళ్లింది. అందులో ఒక వాక్యం ఇది, నా తెలుగులో:

'గాలివాటు ఓటర్లను ఐదేసి మందిగా విడగొట్టండి. ఒక్కో ఐదుగురి మీద, కావలసినంత సొమ్మిచ్చి, నమ్మకమైన మనిషిని పెట్టండి. ఆ ఐదుగురిలో ఒక్కడూ జారిపోకుండా అందరూ మన టికెట్టుకే ఓటేసేలా బాధ్యత అతనిదే.'

గాలివాటు అని నేను రాసిన మాటకు వాళ్లు వాడింది ఫ్లోటర్లు. నీళ్ల మీద తేలేవాళ్లు, ఎటు ప్రవాహముంటే అటు పోయేవాళ్లు. మనం గోడమీది పిల్లులంటాం. మీ దగ్గరుండే ఓటరు లిస్టులో మనవాళ్లు, వాళ్లవాళ్లు, డౌటు అని మూడు గుర్తులు పెడతారు కదా, ఆ మూడో గుర్తువాళ్లు.

ఆ ఉత్తరంలో ఇంకా ఉంది. అవతలి పార్టీ సొమ్ము ఎవరి దగ్గరుందో కనిపెట్టి, వాళ్ల మనుషుల్నే వాళ్ల మీదికి తోలి, సొంత ఓట్లకు కూడా భారీ ధర పెట్టించాలట. పెద్ద వ్యాపారులు నవంబరు 6న రోజంతా పోలింగు దగ్గరే పనిచేసేలా మాట తీసుకోవాలట. బూతుల్లో కూర్చునే అధికారుల నిజాయితీ మీద రవంత అనుమానం కూడా ఉండకూడదట. మమ్మల్ని ఓడించగలిగితే అది దొంగ ఓట్లూ లంచపు సొమ్మూనే అని కూడా రాసుకున్నాడు. నేను నవ్వుకున్నాను. ఒకే కాగితం మీద, ఒకే కలంతో! కావలసిన సాయం రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు హ్యూస్టన్ నుంచి అందుతుందనీ, హారిసన్‌కు 10,000 మెజారిటీ రావాలనీ టార్గెట్ కూడా పెట్టాడు.

ఇప్పుడు ఆ వాక్యం మళ్లీ చదవండి. ఓటరు గురించి అందులో ఏముంది? ఏమీ లేదు. ఐదు అనే అంకె ఒకటుంది, అంతే. వాక్యం బరువంతా ఆ ఐదుగురి మీద పెట్టిన మనిషి మీదుంది. నమ్మకమైనవాడు కావాలి, సొమ్ము వాడి చేతికే ఇవ్వాలి, ఒక్కడు జారినా పూచీ వాడిదే. రాసినవాడి పూచీ ఎక్కడా లేదు. నేను ఏడు ఎలక్షన్లు చూశాను కానీ మీ ఉద్యోగాన్ని ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పగా వినలేదు. మీ పార్టీ ఆఫీసులో మీకు నోటితో చెప్పేదాన్ని ఆయన కాగితం మీద పెట్టాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటేనని ఆయన దోస్తులు కూడా అనుకుని ఉంటారు.

ఉత్తరం బయటికెలా వచ్చిందో వినండి. రైలులో టపా వేరుచేసే ఒక గుమాస్తా, డెమోక్రాట్, రిపబ్లికన్ జాతీయ కమిటీ కవర్లు ఇండియానా నాయకుల పేర గుట్టలుగా పోతున్నాయని గమనించి ఒకటి విప్పాడు. ఇంకొకరి ఉత్తరం విప్పడం నేరం, ఆ సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. అక్టోబరు 31న ఇండియానాపొలిస్ సెంటినెల్ పత్రిక ఆ ఉత్తరాన్ని అచ్చేసింది. పోలింగుకు ఆరు రోజులే ఉంది. దేశమంతా గగ్గోలు. ఇది నా ఉత్తరం కాదు, కల్పితం అన్నాడు డడ్లీ. పత్రికల మీద పరువునష్టం దావాలు వేశాడు. ఆ దావాలు చివరిదాకా నడపలేదు.

హారిసన్ ఇండియానా గెలిచాడు. 10,000 మెజారిటీ కాదు, సుమారు 2,300. దేశం మొత్తం మీద చూస్తే ఓడిన డెమోక్రాట్ అభ్యర్థి క్లీవ్‌లాండ్‌కే దాదాపు 90,000 ఓట్లు ఎక్కువ వచ్చాయి. కానీ అక్కడ లెక్క రాష్ట్రాల ఎలక్టర్లది, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి ఒక్కో రాష్ట్రం పంపే ప్రతినిధులది: 233కి 168. ఇండియానాకున్న 15 ఎలక్టర్లు అటు పోయినా హారిసన్ గెలిచేవాడే, న్యూయార్క్ చేతికొచ్చింది కాబట్టి. ఇది కూడా చెప్పాలి, లేకపోతే ఐదేసి మంది లెక్కతోనే అధ్యక్షుడు పుట్టాడని మీరు అనుకుంటారు. డెమోక్రాట్లు ముత్యాల్లాంటివాళ్లనీ అనుకోవద్దు. ఇండియానాలో వాళ్లూ కొన్నారు. వాళ్ల కోశాధికారి లెటర్‌హెడ్ వాడలేదు, అంతే తేడా.

దైవం మనకు విజయాన్నిచ్చింది అన్నాడు హారిసన్, భక్తిపరుడు. ఇందులో దైవానికి ఏ పాత్రా లేదు, ఈయన్ని గెలిపించడానికి ఎంతమంది జైలు గేటు దాకా వెళ్లి నిలబడ్డారో ఈయనకు ఎప్పటికీ తెలియదు అని క్వే విసుక్కున్నాడని చెబుతారు.

జైలు గేటు దాకా వెళ్లినవాళ్ల సంగతేమైంది? ఇండియానాపొలిస్‌లో ఫెడరల్ జడ్జి విలియం వుడ్స్ ముందుకు వ్యవహారం వచ్చింది. ఆయన మొదట గ్రాండ్ జ్యూరీకి (అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందానికి) ఇచ్చిన సూచనల ప్రకారం, లంచమివ్వమని సలహా ఇవ్వడం కూడా నేరమే. కొన్ని వారాలకు ఆ సూచనలే మారిపోయాయి: ఉత్త సలహా నేరం కాదు, ఆ సలహా ప్రకారం ఎవరో ఒకరు నిజంగా లంచం ఇవ్వబోయినట్టు రుజువు కావాలి. డడ్లీ మీద అభియోగమే నమోదు కాలేదు. 1892లో ఇదే వుడ్స్‌ను ఇదే హారిసన్ పై కోర్టుకు ప్రమోట్ చేశాడు. హ్యూస్టన్ 1889లో అమెరికా దేశ ట్రెజరర్ అయ్యాడు. చందాలు దండిన వానమేకర్ పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యాడు, ఉత్తరం దొరికిపోయిన ఆ తపాలా శాఖకే. క్వే సెనేటర్‌గా ఉండనే ఉన్నాడు.

డడ్లీకి మాత్రం ఏ పదవీ రాలేదు. హారిసన్ ఆయన్ని దూరం పెట్టాడు. ఉత్తరం ఇతరులకు పనికొచ్చింది, మచ్చ ఆయనకు మిగిలింది. మళ్లీ లాయరు పనిలోకి వెళ్లి, 1909 డిసెంబరులో వాషింగ్టన్‌లో పోయాడు. గెటిస్‌బర్గ్‌లో కాలు ఇచ్చిన మనిషిని చరిత్ర పుస్తకాలు ఐదుగురి లెక్క రాసినవాడిగానే గుర్తుపెట్టుకున్నాయి. నిజం చెప్పాలంటే నాకు జాలేసింది.

ఇక ఆ ఐదేసి మంది మీద పెట్టిన నమ్మకస్తులు? వాళ్ల పేర్లు నాకెక్కడా కనపడలేదు.

అసలు విషయానికి వస్తాను. డడ్లీ లెక్క అంత ధీమాగా ఎలా నడిచింది? సొమ్ము తీసుకున్నవాడు లోపలికెళ్లి వేరే పార్టీకి వేస్తే? అప్పుడు ఆ సందేహమే లేదు. ఓటు కాగితం ప్రభుత్వం అచ్చువేసేది కాదు, పార్టీలే అచ్చేసేవి. తన అభ్యర్థుల పేర్లన్నీ వరసగా ఉన్న కాగితం, దాన్నే టికెట్ అనేవారు. చాలా రాష్ట్రాల్లో రంగు రంగుల కాగితాలు, దూరం నుంచే తెలిసిపోయేవి. రంగులు వద్దని చట్టం పెట్టిన చోట కూడా, చేతిలో పెట్టిన కాగితం పెట్టెలో పడేదాకా రెప్పవేయకుండా చూస్తే సరిపోయేది. ఐదుగురిని వరసగా నడిపించుకెళ్లి చూసేవాడు, బయటికొచ్చాక లెక్క సెటిల్ చేసేవాడు. ఒకడు ఎంతమందిని కళ్లప్పగించి చూడగలడు? ఐదుగురిని. ఆ అంకె అలా వచ్చిందనే నా ఊహ.

దాన్ని దెబ్బకొట్టింది కోర్టు కాదు, ఒక కాగితం. 1856లో ఆస్ట్రేలియాలో మొదలైన పద్ధతి: అన్ని పార్టీల అభ్యర్థులూ ఉన్న ఒకే కాగితం ప్రభుత్వమే అచ్చేస్తుంది, అది బూతులోనే చేతికిస్తారు, మరుగున గుర్తు పెట్టాలి. 1888లో మసాచుసెట్స్ రాష్ట్రమంతటికీ ఆ చట్టం చేసింది. డడ్లీ గగ్గోలు తర్వాత 1889లో ఇండియానా కూడా చేసింది. 1892 అధ్యక్ష ఎన్నికలకల్లా చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఐదుగురి మీద పెట్టిన మనిషికి కళ్లు పోయాయి. అయితే అంతా మంచే జరిగిందనను. చదువురానివాళ్లకు ఆ కాగితం కొరకరాని కొయ్య అయింది. దక్షిణాదిలో నల్లవాళ్లను ఓటుకు దూరం చేయడానికి దాన్ని వాడుకున్నారు. కొన్నిచోట్ల అయితే ఓటు కొనడం మానేసి, అవతలివాడి ఓటరును ఇంట్లోనే కూర్చోబెట్టడానికి డబ్బివ్వడం మొదలైంది. లోపల ఏం గుద్దాడో కనపడదు గానీ, బూతుకు రానివాడు కనపడతాడు కదా.

మన దగ్గరికి వద్దాం. మనది మొదటి నుంచీ రహస్య ఓటే. ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఆ అట్టపెట్టె మరుగును నా చేతులతో నేనే నిలబెట్టాను. మరి మీకు కళ్లెక్కడి నుంచి వచ్చాయి? కౌంటింగ్ దగ్గర. ఈవీఎంలు వచ్చాక లెక్క బూతువారీగా తేలుతోంది. తుది ఫలితాల పట్టిక, అదే ఫారం 20 తీస్తే ఫలానా బూతులో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో ఉంటుంది. పేపరు బ్యాలెట్ రోజుల్లో వేర్వేరు పెట్టెల ఓట్లు కలిపేసి లెక్కపెట్టేందుకు రూలుండేది. మెషీన్లకు కూడా అలాంటిదొకటి ఉంది, టోటలైజర్ అంటారు, 14 బూతుల ఓట్లు కలిపి ఒకే మొత్తం చూపిస్తుంది. ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ సరేనంది, కేంద్ర ప్రభుత్వం వద్దంది.

అంటే ఓటరు ఒక్కడిగా దాక్కోగలిగాడు. బూతు మొత్తంగా దొరికిపోయాడు. ఓటరు కన్నా ముందు దొరికేది మీరు.

ఎందుకంటున్నానంటే, ఒకసారి ఫలితాలొచ్చిన మర్నాడు నా పాత స్టూడెంటు మా ఇంటికొచ్చాడు. బూత్ ఇంచార్జి. 'మాస్టారూ, నా బూతులో మైనస్ వచ్చింది' అన్నాడు. పై నాయకుడు అందరి ముందూ ఫారం 20 మొహాన కొట్టి, ఇచ్చిన సొమ్ము తిన్నావా అని అడిగాడట. వాడు తినలేదు. ఇంటింటికీ తిరిగి కవర్లన్నీ ఇచ్చాడు, తీసుకున్నవాళ్లు తీసుకుని తమకిష్టమైనవాళ్లకు గుద్దారు. ఓటర్ల మీద నాకు గౌరవం పెరిగిన రోజది. కానీ ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నవాడికి ఆ మాట ఎలా చెప్పను? కాఫీ ఇచ్చి పంపాను. ఆ నాయకుడు ఇప్పటికీ బాగానే ఉన్నాడు, ఏ పార్టీలో ఉన్నాడన్నది మాత్రం నేను ఫాలో కావడం లేదు.

చట్టం సంగతి కూడా చెబుతాను, మీకు ఎవరూ చెప్పి ఉండరు. ఓటుకు డబ్బివ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. కొత్త న్యాయ సంహితలో 170, 173 సెక్షన్లు, ఏడాది దాకా జైలు. చెకింగ్‌లో బండి ఆపితే సీటు కింద కవర్లతో పట్టుబడేది ఎవరు? సలహా ఇచ్చినవాడు మాత్రం వుడ్స్ గారి రెండో సూచనల్లోలాగే ఉత్త సలహా ఇచ్చినవాడిగానే మిగులుతాడు.

ఈ పని మానేయండి అని చెప్పడానికి ఈ లేఖ రాయలేదు. మీ ఇంట్లో అప్పులు, తమ్ముడి ఉద్యోగం, ఊళ్లో పరపతి, ఎన్ని ముడులున్నాయో నాకు తెలుసు. ఒక్కటే అడుగుతున్నాను. వచ్చే ఎన్నికల్లో నీ బూతులో ఇంత మంది, ఇంత సొమ్ము, ఇంత లీడు, బాధ్యత నీదే అని పైనుంచి చెప్పినప్పుడు, సరే అనే ముందు ఆ ముక్క రాసిమ్మనండి. లెటర్‌హెడ్ మీద, తేదీ వేసి, సంతకంతో. డడ్లీ రాశాడు కదా అనండి. డడ్లీ ఎవరని అడిగితే ఈ కాగితం చూపించండి.

రాసిస్తే నాకో జిరాక్స్ పంపండి. రాసివ్వకపోతే ఏమన్నారో వచ్చి చెప్పండి. మా ఇల్లు మీకు తెలిసిందే, లిస్టులో నా పేరు ఎదురుగా డౌటు అని రాసుకున్నారు కదా.

మీ
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు